‘మనవాళ్ళు’ అంటే ఎవరు నాన్నా?

2024 నవంబరు 30, శనివారం రాత్రి. డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో మా స్నేహితుడి ఇల్లు. థ్యాంక్స్‌గివింగ్ సెలవులకు పిల్లలిద్దరూ ఇంటికొచ్చారు. కూతురు ఆస్టిన్‌లో యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌లో మూడో ఏడాది. కొడుకు కాలేజ్ స్టేషన్ అనే ఊళ్ళో టెక్సాస్ ఏ అండ్ ఎంలో మొదటి ఏడాది. అక్క ఒంటిమీద ముదురు నారింజ రంగు టీషర్టు, తమ్ముడి ఒంటిమీద మెరూన్. టీవీలో ఆ రెండు కాలేజీల మధ్యే ఫుట్‌బాల్ మ్యాచ్. కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు లెండి, కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్. మ్యాచ్ జరుగుతున్నది తమ్ముడి కాలేజీలోనే. తనకు టికెట్ దొరకలేదన్న కడుపుమంట వాడిది.

మా స్నేహితుడు వంటింట్లో పులిహోర కలుపుతున్నాడు. హాల్లోంచి అరుపు వినబడేసరికి అక్కణ్ణుంచే అడిగాడు: “ఏమైందిరా, మనవాళ్ళేనా కొట్టింది?”

పిల్లలిద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగారు. “మనవాళ్ళంటే ఎవరు నాన్నా?”

వాడు చెయ్యి గిన్నెలోనే ఉంచి కాసేపు ఆలోచించాడు. జవాబు మాత్రం రాలేదు.

తెలుగులో ఈ చిక్కు ఉంది. ‘మనం’ అంటే ఎదుటివాణ్ణి కలుపుకున్నట్టు, ‘మేము’ అంటే వాణ్ణి గడప అవతల నిలబెట్టినట్టు. ఆ రాత్రి ఆ హాల్లో ‘మనం’ అన్న మాట వాడే దారే లేదు. అమెరికాలో కాలేజీ ఆటల అభిమానం ఎలా పుడుతుందని అడిగితే చాలామంది రెండు జవాబులు చెబుతారు. కొందరికి ఇంట్లో పుట్టుకతో వస్తుంది, కొందరు తమకు తాముగా ఎంచుకుంటారు అని. పాతికేళ్ళుగా ఇక్కడ చుట్టుపక్కల ఇళ్ళు చూస్తున్నాను, ఆ రెంటినీ విడదీయడం నాకు చేతకాలేదు. తాతల నాటి అభిమానం అన్నదాన్ని కొంచెం తవ్వితే, ఎప్పుడో ఎవరో గాలివాటుగా తీసుకున్న నిర్ణయం బయటపడుతుంది. ‘నా ఇష్టంతో ఎంచుకున్నాను’ అన్నవాణ్ణి కాస్త కదిలిస్తే మార్కులు, ఫీజులు, ఇంటికి ఎన్ని గంటల డ్రైవ్ అన్న లెక్కలు రాలిపడతాయి.

కాలేజీ ఆటకు లక్ష మందా?

ఇండియాలో ఉన్న చదువరులకు ముందు ఈ సంగతే వింతగా ఉంటుంది. ఉస్మానియాలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో చదివినవాళ్ళలో, తమ యూనివర్సిటీ జట్టు కిందటేడు ఏ ఆటలో ఎవరితో ఆడిందో చెప్పగలిగినవాళ్ళు ఎంతమంది? ఇక్కడ ఏ అండ్ ఎం వాళ్ళ మైదానం కైల్ ఫీల్డ్‌లో 1,02,733 మంది కూర్చోవచ్చు. కూర్చోవచ్చు అన్నాను గానీ, అక్కడి విద్యార్థులు ఆట సాగినంతసేపూ నిలబడే ఉంటారు. ఆస్టిన్ స్టేడియంలోనూ లక్ష పైనే పడతారు. రెండూ ప్రభుత్వ కాలేజీలే.

దీనికి ఒక చారిత్రక కారణం ఉంది. డాలస్ కౌబాయ్స్, హ్యూస్టన్ ఆయిలర్స్ అనే వృత్తి జట్లు టెక్సాస్‌లో ఆట మొదలుపెట్టింది 1960లో. ఈ రెండు కాలేజీలు ఒకదానితో ఒకటి మొదటిసారి తలపడింది 1894లో. అంటే అరవై ఆరేళ్ళ పాటు, ఒక పత్తి రైతుకో రైల్వే గుమస్తాకో ‘మా టీమ్’ అని చెప్పుకోవాలంటే కాలేజీ జట్టే గతి. కౌబాయ్స్ వచ్చేనాటికే మూడు తరాలు ఆ రంగులకు అలవాటు పడ్డాయి.

రెండు కాలేజీల స్వభావమూ వేరు. ఏ అండ్ ఎం 1876లో తెరిచారు. వ్యవసాయమూ యంత్రవిద్యా నేర్పే చోటు. దాదాపు తొంభై ఏళ్ళు అది మగపిల్లల సైనిక కాలేజీ. పొలాల నుంచి వచ్చిన కుర్రాళ్ళు తెల్లవారకముందే లేచి కవాతు చేసేవాళ్ళు. వ్యవసాయం, అంటే అగ్రికల్చర్ కాబట్టి ‘ఆగీలు’ అన్న పేరు స్థిరపడింది. 1883లో ఆస్టిన్‌లో మొదలైన టెక్సాస్ యూనివర్సిటీ లాయర్లనూ రాజకీయ నాయకులనూ తయారుచేసింది, పైగా రాజధాని నగరం. వాళ్ళు లాంగ్‌హార్న్‌లు, పొడుగు కొమ్ముల ఎద్దు వాళ్ళ గుర్తు. ఆగీలను పల్లెటూరి బైతుల్ని చేస్తూ ఆస్టిన్ వైపు వాళ్ళు చెప్పుకునే జోకులకు లెక్కలేదు. ఆగీలు తిరిగి వాళ్ళను ‘టీ చప్పరించేవాళ్ళు’ అంటారు. యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌ను అందరిలా ‘యూటీ’ అని కూడా పలకరు. ‘టీయూ’ అంటారు, అదీ చిన్న అక్షరాలతో రాస్తారు. ఊరికీ పట్నానికీ ఉన్న ఎడం కాస్తా ఆటలోకి దిగిందన్నమాట.

ఈ మ్యాచ్ ఎక్కువగా థ్యాంక్స్‌గివింగ్ రోజునో ఆ దగ్గర్లోనో జరిగేది. ఇదే అసలు కీలకం అని నా అభిప్రాయం. ఏడాదికోసారి బంధువులంతా ఒక బల్ల చుట్టూ చేరే రోజున, ఆ ఇంటిని రెండుగా చీల్చే ఆట పెట్టారు. సంక్రాంతినాడు అల్లుళ్ళంతా వచ్చాక కోడిపందెం పెట్టినట్టు.

2011లో టీవీ డబ్బు దగ్గర పేచీ వచ్చింది. టెక్సాస్ యూనివర్సిటీ ఈఎస్‌పీఎన్‌తో కలిసి సొంత చానల్ పెట్టుకుంది. ఏ అండ్ ఎంకి అది నచ్చలేదు, మరుసటి ఏడాది ఎస్ఈసీ అనే వేరే కాన్ఫరెన్స్‌కి, అంటే వేరే కాలేజీ జట్ల లీగుకి, వెళ్ళిపోయింది. అప్పటికి 118 మ్యాచ్‌లు. ఆ తర్వాత 2024లో టెక్సాస్ కూడా ఎస్ఈసీలో చేరేదాకా ఒక్కటీ లేదు. ఆ ఎడబాటులోని తమాషా ఏమిటంటే, రెండు కాలేజీల పాటల్లోనూ ఎదుటివాళ్ళ పేరు ఉంది. ఒకళ్ళు ‘ఏ అండ్ ఎంకి సెలవు’ అంటారు, ఇంకొకళ్ళు ‘కొమ్ములు కోసేస్తాం’ అంటూ భుజాలు పట్టుకుని ఊగుతారు. పన్నెండు సీజన్లు ఆడని శత్రువు మీద ప్రతి వారం పాడుతూనే ఉన్నారు. 2011లో ఏడేళ్ళ పిల్లాడు ఇద్దరి మధ్యా ఒక్క ఆటా సరిగా గుర్తులేకుండానే కాలేజీకి వచ్చాడు. అయినా కోపం మాత్రం పూర్తిగా అందింది. ఆట లేకపోయినా పగ అందించగలిగేది కుటుంబం ఒక్కటే.

ఇంట్లో ఎలా అందుతుంది

మన దగ్గరా వంశపారంపర్య అభిమానం కొత్తేం కాదు. ఎన్టీఆర్ ఇల్లు, ఏఎన్నార్ ఇల్లు అని వీధి విడిపోయిన రోజులు మా అమ్మానాన్నల తరం కళ్ళారా చూసింది. అయితే సినిమా అభిమానానికి తతంగం తక్కువ. ఆగీలు తతంగంలో ఆరితేరినవాళ్ళు.

ప్రతి ఏప్రిల్ 21న మస్టర్ జరుగుతుంది. 1836లో టెక్సాస్‌కు స్వాతంత్ర్యం తెచ్చిపెట్టిన శాన్ హసింటో యుద్ధం రోజు అది. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న ఆగీలు ఆ రోజు ఒకచోట చేరతారు. ఆ ఏడాది చనిపోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే హాజరు పట్టీలా పిలుస్తారు. పేరు పిలవగానే ఆ మనిషి తరఫున కొడుకో, భార్యో, స్నేహితుడో ‘హియర్’ అని పలుకుతారు. ఒక కొవ్వొత్తి వెలుగుతుంది. 1942లో ఫిలిప్పీన్స్‌లోని కొరెగిడార్ దీవిని జపాన్ సైన్యం ముట్టడించినప్పుడు, అక్కడున్న ఆగీ అధికారులు కూడా ఆ రోజును మానలేదు. మస్టర్‌కు ఇంత పేరు రావడానికి ఆ సంగతే ముఖ్య కారణం.

తాత పేరు పిలిచినప్పుడు తన గొంతుతో ‘హాజరు’ చెప్పిన పన్నెండేళ్ళ మనవరాల్ని తర్వాత ‘ఏ కాలేజీకి వెళ్తావమ్మా’ అని అడిగితే, ఆ ప్రశ్నలో ఎంపిక ఎంత మిగిలినట్టు?

ఇక ఉంగరం. తొంభై క్రెడిట్లు పూర్తయ్యాక ఆగీ రింగు ఇస్తారు, దాని మీద బ్యాచ్ సంవత్సరం ఉంటుంది. ఆ రోజుకు అమ్మానాన్నలు, తాతలు కార్లేసుకుని వస్తారు. తాత రింగు, తండ్రి రింగు, పిల్ల రింగు మూడు చేతులూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఫొటో తీసుకుంటారు. మా స్నేహితుడు మొదటిసారి ఆ ఫొటోల్లో ఒకటి చూసి, “మన తాళిబొట్టు కంటే గట్టిగా ఉంది వ్యవహారం” అన్నాడు.

ఈ వారసత్వం ఒకప్పుడు అడ్మిషన్ ఫారంలో కూడా ఉండేది. అమ్మో నాన్నో తాతో ఏ అండ్ ఎంలో చదివి ఉంటే దరఖాస్తుకు అదనంగా పాయింట్లు కలిసేవి. 2004 జనవరిలో అప్పటి ప్రెసిడెంట్ రాబర్ట్ గేట్స్ దాన్ని తీసేశాడు. తర్వాత అమెరికా రక్షణ మంత్రి అయిన గేట్సే. జాతిని చూసి ఎవరికీ పాయింట్లు ఇవ్వబోమని అంతకుముందే ప్రకటించి, తాతను చూసి మాత్రం ఇస్తామనడం ఎలా కుదురుతుందని నల్లజాతి, హిస్పానిక్ నాయకులు నిలదీశారు. న్యాయమైన ప్రశ్న. ఎందుకంటే ఆ తాత ఎవరై ఉండగలడో చరిత్ర ముందే తేల్చింది. ఏ అండ్ ఎం నల్లజాతి విద్యార్థులను చేర్చుకున్నది 1963లో. ఆడవాళ్ళకు తలుపులు తీసిందీ ఆ ఏడాదే, అదీ పరిమితంగా. ఆస్టిన్‌లో నల్లజాతి విద్యార్థులు డిగ్రీలో చేరింది 1956లో. 1969లో జాతీయ ఛాంపియన్ అయిన లాంగ్‌హార్న్ జట్టులో ఒక్క నల్లజాతి ఆటగాడు లేడు. టెక్సాస్‌లోని నల్లజాతి కుటుంబాలకు వేరే పరంపర ఉంది. 1876లోనే పుట్టిన ప్రెయిరీ వ్యూ అనే నల్లజాతి కాలేజీ, డాలస్‌లో కాటన్ బౌల్ స్టేడియంలో గ్రాంబ్లింగ్ కాలేజీతో దాని పోటీ, ఆ బ్యాండ్ మేళాలు. మేం నాలుగు తరాలుగా ఆగీలం అని ఎవరైనా గర్వంగా అంటే అది అబద్ధం కాదు. కానీ ఆ నాలుగు తరాల పాటు ఆ గేటు ఎవరికి తెరుచుకుందో కూడా ఆ వాక్యంలోనే ఉంది.

గేటు లోపలికి వెళ్ళనివాళ్ళు

ఇంకో గుంపు ఉంది, నిజానికి పెద్ద గుంపు: ఆ కాలేజీలో ఒక్కరోజు కూడా చదవనివాళ్ళు. టెక్సాస్‌లో వాళ్ళను ‘టీషర్టు ఫ్యాన్లు’ అంటారు, లాంగ్‌హార్న్‌లలో వాళ్ళే ఎక్కువని ఆగీల ఎగతాళి. అలబామా రాష్ట్రంలో ఇంకా గమ్మత్తైన పేరు, ‘సైడ్‌వాక్ అలమ్నై’. కాలేజీ బయట రోడ్డు పక్కన నిలబడ్డ పూర్వవిద్యార్థులు అని.

అలబామాలో పెద్ద లీగుల్లో ఆడే వృత్తి జట్టు ఇప్పటికీ ఒక్కటి లేదు. రాష్ట్రమంతా రెండు కాలేజీలుగా చీలి ఉంటుంది: టస్కలూసాలో అలబామా, ఆబర్న్‌లో ఆబర్న్. కొత్తగా ఉద్యోగానికి వెళ్ళినవాణ్ణి మొదటి వారంలోనే ‘నువ్వు ఎటు?’ అని అడుగుతారు. ఏ వైపూ కాదంటే నమ్మరు. భార్య ఒకటి భర్త ఒకటి అయితే, ‘ఇల్లు రెండుగా చీలింది’ అని రెండు గుర్తులూ సగం సగం ఉన్న ప్లేటు కారు ముందు తగిలిస్తారు. అక్కడ నంబరు ప్లేటు వెనక ఒక్కటే తప్పనిసరి, ముందు ఖాళీ. టెక్సాస్‌లో రెండు వైపులా ఉండాలి. అందుకే ఇక్కడ దంపతుల తగువు ఇంటి ముందు జెండాలకీ గుమ్మంలో కాళ్ళ పట్టాలకీ ఎక్కింది.

ఇంటి మాటా కాలేజీ మాటా కలిసిపోవడానికి బేర్ బ్రయంట్ మంచి ఉదాహరణ. 1954 నుంచి నాలుగు సీజన్లు ఏ అండ్ ఎంకి కోచ్. జట్టు బాగుపడింది, జీతం బాగుంది. 1957 చివర్లో అలబామా పిలవగానే వెళ్ళిపోయాడు. ఎందుకంటే అతను ఆడిందీ చదివిందీ అక్కడే. అడిగినవాళ్ళకు చెప్పిన కారణం ఒక్కటే: అమ్మ పిలిచింది. అతనికి ఆ కాలేజీ పుట్టుకతో వచ్చింది కూడా కాదు. అతను పుట్టింది ఆర్కన్సా రాష్ట్రంలో. పద్దెనిమిదేళ్ళ వయసులో చేరిన చోటు నలభై నాలుగేళ్ళకు అమ్మ అయింది. ఆ తర్వాత పాతికేళ్ళు అక్కడే ఉండి ఆరు జాతీయ టైటిళ్ళు గెలిచాడు. రాష్ట్రంలో ఎన్నో ఇళ్ళలో అతని ఫొటో గోడకెక్కింది.

చదవనివాడి అభిమానం మెత్తగా ఉంటుందనుకుంటే పొరపాటు. 2010లో ఆబర్న్ 24-0 వెనకబడి కూడా 28-27తో అలబామాను ఓడించింది. ఆబర్న్‌లో టూమర్స్ కార్నర్ అనే కూడలి ఉంది. గెలిచినప్పుడల్లా అక్కడి రెండు పెద్ద ఓక్ చెట్ల మీదికి టాయిలెట్ పేపర్ చుట్టలు విసిరి పండగ చేసుకుంటారు. 2011 జనవరిలో ఒకతను రేడియో షోకి ఫోన్ చేసి, ఆ చెట్లకు విషం పోశానని చెప్పాడు. నిజమే చెప్పాడు. చెట్లు బతకలేదు, 2013లో కొట్టేశారు. అతను జైలుకు వెళ్ళాడు. అలబామా వీరాభిమాని, కానీ అలబామా యూనివర్సిటీలో ఎప్పుడూ చదవలేదు. డిగ్రీ ఉన్నవాడికి తను ఆ కాలేజీవాణ్ణని చూపించడానికి ఒక కాగితముంది. లేనివాడు రోజూ చేతలతో రుజువు చేసుకోవాలి. ఇదంతా నా ఊహే అనుకోండి. కానీ ఆ చెట్ల కథ విన్నప్పుడల్లా అదే తోస్తుంది.

మానింగ్ ఇంటి మనవడు

పరంపరను కాదన్న కథల్లో నాకు బాగా నచ్చేది మానింగ్ కుటుంబం. తాత ఆర్చీ మానింగ్ మిసిసిపీలో ‘ఓల్ మిస్’ కాలేజీ ఫుట్‌బాల్ హీరో. ఎంత హీరో అంటే, ఆయన జెర్సీ నంబరు 18 కాబట్టి ఆ క్యాంపస్‌లో కార్ల వేగం గంటకు 18 మైళ్ళు దాటకూడదని బోర్డు పెట్టారు. ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కూపర్ ఓల్ మిస్‌లోనే ఆడటానికి ఒప్పుకున్నాడు, ఇంతలో వెన్నెముక జబ్బు బయటపడి ఆట ఆగిపోయింది. రెండోవాడు పేటన్ 1994లో టెనెసీని ఎంచుకున్నాడు. ఓల్ మిస్ అభిమానులకు ఒళ్ళు మండింది, ఆ మంటంతా తండ్రి మీద చూపించారు, కొడుకును అదుపులో పెట్టలేని తండ్రి అన్నట్టు. మూడోవాడు ఈలై తండ్రి దారిలోనే ఓల్ మిస్‌కి వెళ్ళాడు.

కూపర్ కొడుకు ఆర్చ్ వంతు వచ్చేసరికి దేశమంతా కాచుకు కూచుంది. తాతదీ చిన్న బాబాయిదీ ఓల్ మిస్, పెద్ద బాబాయిది టెనెసీ. 2022 జూన్‌లో ఆ కుర్రాడు ఆ రెండూ కాకుండా టెక్సాస్ అన్నాడు. ఎవరూ తాతను తిట్టలేదు. ముప్పై ఏళ్ళలో అంత మారింది.

కానీ ఆర్చ్‌ది స్వేచ్ఛేనా? ఆ ఇంటిపేరు వల్లే ఏ కాలేజీ అయినా ఎర్ర తివాచీ పరిచేది. తాతలు సంపాదించి పెట్టిన స్వేచ్ఛ అది. మా స్నేహితుడి కొడుకుకు అలాంటి తివాచీ ఎవరూ వేయలేదు, వాడి ఎంపిక కథ వేరు.

రెండో దశాంశం చేసిన నిర్ణయం

1997లో టెక్సాస్ ఒక చట్టం చేసింది: హైస్కూల్లో టాప్ 10 శాతంలో ఉన్న పిల్లలకు రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటు దానంతటదే. ఆస్టిన్‌కు తాకిడి తట్టుకోలేక 2009లో దానికి మినహాయింపు ఇచ్చారు, కోత మొదలైంది. 2024 నాటికి అక్కడ టాప్ 6 శాతం, 2026లో చేరేవాళ్ళకు 5 శాతం. ఏ అండ్ ఎంలో మాత్రం 10 శాతమే.

ఇప్పుడు ఫ్రిస్కో, ప్లేనో, కపెల్ లాంటి ఊళ్ళలో హైస్కూళ్ళను ఊహించుకోండి. క్లాసులో సగం మంది మన పిల్లలూ, చైనా పిల్లలూ, కొరియా పిల్లలూ. అందరూ ‘ఏపీ’ అనే కాలేజీ స్థాయి కోర్సులే. అక్కడ 5 శాతానికీ 8 శాతానికీ తేడా జీపీఏలో రెండో దశాంశం, ఒక్కోసారి మూడోది. మా స్నేహితుడి కూతురు ఆ గీతకు ఇవతల నిలిచింది, కొడుకు కాస్త అవతల పడ్డాడు. వాడు ఆగీ కావడానికి ఏ తాతా కారణం కాదు. పదకొండో తరగతిలో ఒక బీ ప్లస్ కారణం. అది రాయకపోతే బాగుండేదని వాడు నన్ను తిట్టుకున్నా సరే.

చేరిన మొదటి వేసవిలోనే ఫిష్ క్యాంప్ అని నాలుగు రోజులు తీసుకెళ్ళారు. పాటలు, కేకలు, అపరిచితులకు కూడా ‘హౌడీ’ చెప్పడం అక్కడ నేర్పుతారు. ఇంటికొచ్చేసరికి వాడు అక్క కాలేజీ పేరు పలకడం మానేసి ‘టీయూ’ అంటున్నాడు. మూడు నెలల ముందు ఆస్టిన్ నుంచి సీటు లేదని వస్తే గది తలుపేసుకుని ఏడ్చినవాడు వీడేనా అని వాళ్ళమ్మ ముక్కున వేలేసుకుంది. నాలుగు తరాలు పట్టిందని చెప్పుకునే అభిమానం నాలుగు రోజుల్లో ఎక్కింది.

ఇక తండ్రి సంగతి. 1999లో హైదరాబాద్ నుంచి యూటీ ఆర్లింగ్టన్‌కు ఎంఎస్‌కి వచ్చాడు, నాలాగే, మా తరంలో బోలెడుమంది తెలుగువాళ్ళలాగే. ఆ యూనివర్సిటీ 1985 సీజన్ తర్వాత ఫుట్‌బాల్ మానేసింది. మన పిల్లలు వేలల్లో చదివే యూటీ డాలస్‌లోనూ ఫుట్‌బాల్ జట్టు లేదు. పిల్లలకు అందించడానికి తండ్రి దగ్గర ఒక్క రంగు లేదు. అందుకే మన ఇళ్ళలో ఈ నది ఎగువకు ప్రవహిస్తుంది. పిల్లలు చేరాక నాన్నకు ‘ఆగీ డాడ్’ టోపీ, అమ్మకు ‘టెక్సాస్ మామ్’ టీషర్టు వస్తాయి. ఆ టీషర్టులోనే ఆదివారం గుడికి వెళ్తారు. పార్కింగ్‌లో అదే రంగు వేసుకున్న ఇంకో నాన్న కనబడితే కబుర్లు మొదలవుతాయి. ఊరేమిటి, మేజర్ ఏమిటి, కంప్యూటర్ సైన్స్ దొరికిందా లేదా అన్న టెన్షన్ దాకా వెళ్తాయి.

ఇది వలస వచ్చినవాళ్ళ వింత అని మొదట్లో అనుకున్నాను. కాదు. డాలస్‌లో ఆగీ అమ్మల క్లబ్ 1922లోనే పుట్టింది. ఆడవాళ్ళను చేర్చుకోని కాలేజీకి, అందులో చదివే అవకాశమే లేని అమ్మలు, కొడుకుల మూలంగా అభిమానులై సంఘం పెట్టుకున్నారు. నాలుగు తరాల ఆగీలం అని చెప్పుకునే ఇళ్ళలో కూడా మొదటి తరం అమ్మ దగ్గరికి అభిమానం కింది నుంచే వచ్చి ఉంటుంది. తర్వాత ఆవిడ మనవడి ఉయ్యాలకు మెరూన్ రిబ్బను కట్టింది. మనవడి దృష్టిలో అది పరంపర.

గెలిస్తే మనం, ఓడితే వాళ్ళు

1976లో రాబర్ట్ చాల్డీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడు యూనివర్సిటీల్లో సోమవారం క్లాసులకు వచ్చిన విద్యార్థుల బట్టలు గమనించారు. శనివారం తమ జట్టు గెలిస్తే కాలేజీ పేరున్న బట్టలు ఎక్కువ కనబడ్డాయి. ఇంకో ప్రయోగంలో విద్యార్థులకు ఫోన్ చేసి మ్యాచ్ గురించి అడిగారు. గెలిచిన ఆట గురించి అడిగితే ‘మేం గెలిచాం’ అనడం ఎక్కువ, గెలవని ఆట గురించి అడిగితే మాట ‘వాళ్ళు ఓడిపోయారు’ వైపు జారిపోయింది. అంతకుముందు చిన్న క్విజ్ పెట్టి, నువ్వు బాగా చెయ్యలేదు అని చెప్పి అడిగితే ఆ జారుడు ఇంకా పెరిగింది. దెబ్బతిన్న మనిషికి పక్కవాడి గెలుపు నీడ ఎక్కువ అవసరం.

ఇంట్లో అంటుకున్న అభిమానానికీ సొంతంగా తెచ్చుకున్న అభిమానానికీ తేడా ఏమైనా ఉంటే, ఇక్కడ ఉందేమో. ఎంచుకున్నవాడు ‘వాళ్ళు’ అనగలడు. మస్టర్‌లో తాత తరఫున పలికిన మనవరాలికి అది చేతకాదు, ఓడినా ‘మేమే’ అంటుంది. 118 మ్యాచ్‌లలో ఏ అండ్ ఎం గెలిచినవి 37. ఓటమి నీడలోనే అన్ని తరాలు ఆ ఉంగరం తొడుక్కున్నాయి. గెలుపుల లెక్క చూసి ఎంచుకునేదైతే ఆగీ కుటుంబాలు ఎప్పుడో అంతరించేవి.

ఈమధ్య ఆటగాళ్ళకే నిలకడ లేదు. 2021 నుంచి వాళ్ళు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా చెల్లించవచ్చు, మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్ల పరిమితి. ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు రాసుకుంటే మరుసటి సీజన్‌కే వేరే జట్టు. నిరుడు మన ఎదుట ఆడినవాడు ఈ ఏడు మన చొక్కాలో ఉంటాడు. ఇక ఇళ్ళలో ఈ పట్టు సడలుతుందని జోస్యం చెప్పేవాళ్ళున్నారు. నాకు నమ్మకం లేదు. పాత రోజుల్లోనూ నాలుగేళ్ళకోసారి జట్టు మొత్తం మారిపోయేది. మారనిది గ్యాలరీలో కూర్చునే కుటుంబమే.

ఆ రాత్రి కైల్ ఫీల్డ్‌లో టెక్సాస్ 17-7తో గెలిచింది. తమ్ముడు పులిహోర ముట్టలేదు. ఏడాది తిరిగాక, 2025 నవంబరు 28న, ఆస్టిన్‌లో మ్యాచ్. అప్పటిదాకా ఏ అండ్ ఎం ఆ సీజన్‌లో ఒక్క ఆటా ఓడలేదు. ఆర్చ్ మానింగ్ జట్టు 27-17తో ఓడించింది. మళ్ళీ అదే హాలు, అవే రంగులు. ఈసారి మా స్నేహితుడు తెలివి మీరాడు, ‘ఎవరు కొట్టారు?’ అని మాత్రమే అడిగాడు.

కొత్తగా చేరిన మనిషి వాళ్ళమ్మగారు, తెనాలి నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చారు. మనవడు వచ్చి, “నాయనమ్మా, నువ్వు నా వైపే కదా?” అన్నాడు. మనవరాలు ఇంకో పక్క చేరింది. ఆవిడ ఇద్దరినీ ఆగమని టీవీ వంక చూశారు. అప్పుడే తెర మీద లాంగ్‌హార్న్‌ల ఎద్దు బీవో కనబడింది, పొడుగాటి కొమ్ములతో, తీరిగ్గా పడుకుని నెమరేస్తూ.

“నందీశ్వరుడు ఎవరి వైపున్నాడో నేనూ ఆ వైపే,” అన్నారావిడ.

ఆ ఇంట్లో మార్కులూ ఫీజులూ తాతలూ ఎవరూ కలగజేసుకోని ఎంపిక అదొక్కటే. కాకపోతే మొదటి బీవో కథ ఆవిడకు ఎవరూ చెప్పలేదు. 1916లో తెచ్చిన ఆ ఎద్దును మేపే ఖర్చు భరించలేక, 1920లో కోసి విందు చేసుకున్నారు లాంగ్‌హార్న్‌లు. భోజనానికి ఆగీలను కూడా పిలిచారు.